బూజు మీద ప్రాజెక్టు

ప్రభుత్వ సైన్సు గ్రాంటుకు ఇంద్రాణి పెట్టిన దరఖాస్తు మూడోసారీ తిరిగొచ్చింది. పరిశోధనానుభవం చాలదట. విశాఖలో శిలీంధ్రాల మీద డాక్టరేటు చేసిన మనిషిని పట్టుకుని అంత మాటంటే ఒళ్ళు మండదూ? మండింది. ఆ మంటలోనే ఢిల్లీ కంటోన్మెంటులో ఆటో ఎక్కి, జనక్‌పురిలో సరోజ మేడమ్ ఇంట్లో దిగింది. చదువుకునే రోజుల్లో సరోజ ఆవిడకు సీనియరు. ఇప్పుడు ఒక ప్రభుత్వ ల్యాబులో పెద్ద సైంటిస్టు.

మేడమ్ దరఖాస్తు ఆసాంతం చదివింది. "ఈ పదకొండేళ్ళూ 'స్వతంత్ర సలహాదారు' అని రాశావు. ఎవరికిచ్చావమ్మా సలహాలు?"

ఎవరికీ ఇవ్వలేదని ఇంద్రాణి ఒప్పుకుంది. భర్త హేమసుందర్ సైన్యంలో సుబేదారు. తేజ్‌పూర్, జోధ్‌పూర్, జమ్మూ, బెళగావి... రెండేళ్ళు తిరక్కుండానే మరో ఊరు. ల్యాబులో పని దొరికేలోపే బదిలీ వచ్చిపడేది. ఆ ఖాళీ చూస్తే ఎవరైనా నవ్వుతారని సిగ్గుపడి, దాని మీద ఒక మాట అతికించింది. బయోడేటాలో ఇలాంటి అతుకులు వేసే ఫౌజీ భార్యలు ఆవిడ వీధిలోనే నలుగురున్నారు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" మేడమ్ కస్సుమంది. "పిల్లలనో బదిలీలనో పరిశోధన ఆపేసిన ఆడవాళ్ళకు వేరే గ్రాంటుంది. ఖాళీ ఉంటేనే దానికి అర్హత. నువ్వేమో ఉన్న అర్హతను చేజేతులా కప్పెట్టి, ఏటా పేపర్లు అచ్చేసేవాళ్ళతో పోటీపడి దెబ్బలు తిన్నావు. గడువు ఇంకా పన్నెండు రోజులుంది. వచ్చే ఏటికి నీ వయసు దాటిపోతుంది, ఇదే ఆఖరు. మా ల్యాబులో చోటిస్తానని నేను సంతకం పెడతాను. దేని మీద చేస్తావు?"

"బూజు మీద," అంది ఇంద్రాణి తడుముకోకుండా.

ఉద్యోగం లేకపోయినా ఆవిడ చేతులు ఊరుకున్నది ఎన్నడు? వానకు నానిన టెంటు గుడ్డ మీదా, మొగుడి బూట్ల మీదా, టార్పాలిన్ మడతల్లోనూ పట్టిన బూజును గీకి, ఆరబెట్టి, కాగితం కవర్లో వేసి, ఊరూ తేదీ రాసి ఒక అట్టపెట్టెలో దాచేది. బదిలీ అయినప్పుడల్లా హేమసుందర్ గొణిగేవాడు. "ఏటే, ఈ బూజు కూడా సామానేనా? ట్రక్కులో నాను కూకోడానికి చోటేదీ?" గొణుగుతూనే ఆ అట్టపెట్టెను ఒళ్ళో పెట్టుకుని ప్రయాణం చేసేవాడు, పిచ్చి మారాజు.

ఖాళీకి రుజువు కావాలంటే ఏడు బదిలీ ఉత్తర్వులూ వెతికి తెచ్చిందీ ఆయనే. ఈసారి ఇంద్రాణి ఉన్నదున్నట్టు రాసింది: పదకొండేళ్ళు ఉద్యోగం లేదు. రాస్తుంటే ఏడుపొచ్చింది, అయినా రాసింది.

రెండు నెలలకు ఇంటర్వ్యూ. ఏడుగురు పెద్దలు బల్లకు అవతల. అధ్యక్షుడు కాగితాల్లోంచి తలెత్తకుండానే అడిగాడు. "పదకొండేళ్ళు ఏం చేశారు మేడమ్? సీధా బతాయియే, సూటిగా చెప్పండి."

ఇంద్రాణి అట్టపెట్టెను బల్ల మీద పెట్టి మూత తీసింది. "జీతం లేదు, ల్యాబు లేదు సార్. ఇవి పోగేశాను. నూట నలభై మూడు కవర్లు. ఒకే రకం సైన్యం సామాను, ఏడు వాతావరణాలు. ఏ బూజు ఏ చోట టెంటు గుడ్డ మీది ప్లాస్టిక్ పూతను తింటుందో వీటిలో తేలుతుంది."

ఆయన ఒక కవరు తీశాడు. మరొకటి తీశాడు. కళ్ళజోడు మార్చుకుని మూడోది తీశాడు. పక్కనున్న ప్రొఫెసరు ముందుకు వంగి, "అచ్ఛా! ఎడారి నుంచి కొండల దాకా! మా డిపార్ట్‌మెంటు మొత్తం బయల్దేరినా ఇన్ని దొరకవు. ఎలా తిరిగారమ్మా?" అన్నాడు.

"మా ఆయన్ని ఎక్కడికి పంపితే అక్కడికి," అంది ఇంద్రాణి. అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. పావుగంట ఇంటర్వ్యూ గంట దాటింది.

గ్రాంటుకు ఎంపికైనవాళ్ళ జాబితాలో మొదటి పేరు తనదే. ఫోన్లో చూసి ఇంద్రాణి వేసిన కేకకు, పామొచ్చిందనుకుని పక్క క్వార్టరువాళ్ళు కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. సంగతి తెలిసి అదే కర్రతో తలుపు మీద డప్పు వాయించారు.

నెల తిరక్కుండానే హేమసుందర్ మెల్లగా ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. జబల్‌పూర్ పోస్టింగు. ఇంద్రాణి ఈసారి లేచి పెట్టెలు దించలేదు.

"మూడేళ్ళ గ్రాంటండీ. నేను కదలను."

"నువ్వెందుకు కదలాల? నన్నే ఇక్కడ ఉంచమని దరఖాస్తు పెడతాను. ఇదిగో ఫారం," అంటూ పెన్ను తీసి కుర్చీ లాక్కున్నాడు సుబేదారు. "కారణం అని ఉందిక్కడ. ఏటి రాయాలి?"

ఇంద్రాణి ఆ గడి మీద వేలు పెట్టింది.

"భార్య శాస్త్రవేత్త అని రాయండి."

ఆయన గడి చాలకపోయినా పెద్దక్షరాలతోనే రాశాడు.