నూనె తగలకూడని సరుకు

చపాతీ పిండి కలుపుతూ రాజ్‌కోట్ ఫౌండ్రీవాళ్ళతో మాట్లాడుతున్నాను. ఫోన్ స్పీకర్‌లో పెట్టి పిండి డబ్బాకి ఆనించాను. రోలర్ల పెట్టె ఓడ ఎక్కిందా, ఒక్కో రోలర్‌కీ విడిగా కవరు వేశారా అని అడుగుతుంటే మా ఆయన దామోదర్ వంటింట్లోకి వచ్చాడు. "చెయ్యి కడుక్కుని మాట్లాడొచ్చుగా నిరూ. ఆ చప్పుడు వింటే మనది కంపెనీ అనుకుంటారా, మెస్సు అనుకుంటారా?" అన్నాడు. అవతల ఉన్న గుజరాతీ ఆయనకి తెలుగు ముక్క రాదు. అయినా నా చెవులు వేడెక్కాయి. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఫోన్ దామోదర్ చేతిలో ఉంది. నేను అడిగిన ప్రశ్నలే మళ్ళీ మొదటినుంచీ అడుగుతున్నాడు. పిండి ఎండిపోతోందని నేను మళ్ళీ పళ్ళెం ముందుకే వెళ్ళాను.

ఆ కంపెనీ మొదలుపెట్టింది నేను. వెల్లింగ్టన్ పక్కనున్న లోవర్ హట్‌లో మా ఇంటి గరాజే దాని గోడౌను. నేను చదివింది బీకాం. ఇంజినీరింగ్ నాకు సరుకు పట్టుకుని చూడ్డంవల్ల వచ్చింది. మొదట కంచెలు వేసేవాళ్ళకి బోల్టులు అమ్మాను. వాళ్ళలో ఒకాయన రైలు పట్టాలు మరమ్మతు చేసే కాంట్రాక్టు కంపెనీలో చేరాడు. ఆయన వెనకే నేనూ ఆ గేటు దాటాను. ఏది ఎవరికి అవసరమో, ఆ అవసరం ఎక్కడ నొప్పిగా ఉందో కనిపెట్టడమే నా పని. వాళ్ళ నొప్పి పాయింట్ల దగ్గర ఉంది. పాయింట్లంటే బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్ళే చోటు. అక్కడ కోసుగా చెక్కిన పట్టాలు పక్కకి జరిగి పెద్ద పట్టాకి గట్టిగా అతుక్కోవాలి. వేలు దూరేంత సందు మిగిలినా చక్రం తప్పుదోవ పడుతుంది. అవి సాఫీగా జరగాలని కింద గ్రీజు పూస్తారు. గ్రీజుకి ఇసుక పడుతుంది. దాన్ని గోకి, మళ్ళీ పూయడానికి మనుషులు లైను మీదకి దిగాలి. దిగినవాళ్ళు కొన్నిసార్లు బండి రావడం చూసుకోరు. నేను తెప్పించే రోలర్లు ఆ పట్టాని కాస్త పైకెత్తి దొర్లిస్తాయి. గ్రీజు అక్కర్లేదు, మనిషి దిగక్కర్లేదు. వాటికి ఉన్న షరతు ఒక్కటే, నూనె తగలకూడదు. లోపలి బుష్, అంటే ఇరుసు చుట్టూ ఉండే చిన్న గొట్టం, పొడిగానే తిరిగేలా చేసినది. జిడ్డు తగిలితే ధూళి పట్టి బిగుసుకుపోతుంది.

వెల్లింగ్టన్‌లో ఐటీ ఉద్యోగం పోయాక దామోదర్ కంపెనీలోకి వచ్చాడు. ఆయన కార్డు మీద మేనేజింగ్ డైరెక్టర్ అనీ, నా కార్డు మీద అడ్మిన్ అనీ వేయించాడు. ఉద్యోగం పోయిన మనిషి, పోనీలే అనుకున్నాను. పేరు ఇచ్చి ఇంట్లో శాంతి కొనుక్కున్నాను, గిట్టుబాటు బేరమే అనిపించింది. నేను కుదిర్చిన మీటింగుల్లో ఆయన మాట్లాడేవాడు. తడబడితే నావైపు చూసేవాడు. నేను నెమ్మదిగా జవాబు అందిస్తే, "మా ఆవిడకి చిన్న చిన్న విషయాలు బాగా గుర్తుంటాయి" అని నవ్వేవాడు. అవతలివాళ్ళూ నవ్వేవాళ్ళు, వాళ్ళతోపాటు నేనూ.

ఆ ఏడు మామయ్య పట్టాభిరామయ్యగారూ, అత్తయ్య కృష్ణవేణిగారూ తెనాలి నుంచి వచ్చి ఆర్నెల్లు ఉన్నారు. ఈ దేశం వచ్చాక నేను ఎన్నడూ నెలసరి మైల పాటించలేదు. అత్తయ్య సూట్‌కేసు విప్పిన రోజునుంచి పాటించాను. ఆవిడ బలవంతపెట్టలేదు. "నీ ఇష్టం అమ్మా, మీ ఊరు, మీ పద్ధతులు" అంది, అంతే. దెబ్బలాడితే ఎదురు చెప్పొచ్చు. ఆ మాటకి ఎదురు చెప్పడం నాకు చేతకాలేదు. మూడు రోజులు మేడమీద పిల్ల గదిలో ఉండేదాన్ని. ఆఫీసు పని మాత్రం ల్యాప్‌టాప్‌లో చేయనిచ్చారు, ల్యాప్‌టాప్‌కి మైల లేదని దామోదరే తేల్చాడు. మొదటి నెల మా అమ్మాయి కావ్యశ్రీ గుమ్మంలో నిలబడి, "అమ్మా, ఆర్ యూ గ్రౌండెడ్?" అని అడిగింది. తప్పు చేసిన పిల్లల్ని గదిలో ఉంచడం దానికి తెలుసు. ఏం తప్పు చేశానో అడగలేదు. నేను తలనొప్పి అని చెప్పాను. పదమూడేళ్ళ పిల్ల, నమ్మలేదని మొహంలో తెలుస్తూనే ఉంది.

రోలర్ల పెట్టె దసరా వారంలో వచ్చింది. కాంట్రాక్టు కంపెనీ ట్రయల్‌కి ఒప్పుకున్న మొదటి పెట్టె, నా మూడేళ్ళ తిరుగుడు అందులో ఉంది. ఆ రోజు నేను మేడమీద ఉన్నాను. కిందనుంచి సాంబ్రాణి, నువ్వుల నూనె వాసన వచ్చాయి. దీపమే అనుకున్నాను. కాసేపటికి మామయ్యగారు మెట్ల కింద నిలబడి, "అమ్మాయ్, నీ సరుక్కి కూడా ఆయుధపూజ చేయించాంలే. ఇంక తిరుగుండదు" అన్నారు. ఆయన గొంతులో ఎంత ప్రేమ ఉందంటే, నేను అడగాల్సింది గట్టిగా అడగలేకపోయాను.

"మూత తియ్యలేదు కదండీ?" అన్నాను దామోదర్‌తో, మెట్ల మీదనుంచే.

"మూత తియ్యకుండా పూజేంటి? అట్టపెట్టెకి బొట్టు పెడతారా? కొంచెం కుంకుమ, అంతే. తుడిచేశాంలే."

పన్నెండు మెట్లు దిగితే గరాజ్. దిగలేదు. మర్నాడు పొద్దున్నే దామోదర్ ఆ పెట్టె కార్లో వేసుకుని వెళ్ళి ఇచ్చి వచ్చాడు. కిటికీలోంచి చూశాను.

నవంబరులో ఒక పొద్దున్న అలేఖ్య ఫోన్ చేసింది. ఆ కాంట్రాక్టు కంపెనీలో సిగ్నల్ టెక్నీషియన్, కరీంనగర్ పిల్ల, చదువుకోడానికి వచ్చి ఇక్కడే ఉద్యోగంలో కుదురుకుంది. గోడౌన్ల వైపు వెళ్ళే లైనులో పాయింట్లు మూసుకోలేదని, గూడ్సు ఆగిపోయిందని, ఒకసారి రమ్మని చెప్పింది. నేను వెళ్ళేసరికి గాలి హోరున వీస్తోంది. అలేఖ్య విప్పిన రోలర్‌ని గ్లవ్ మీద పెట్టుకుని, మిగతావాళ్ళకి దూరంగా నన్ను కంచె పక్కకి తీసుకెళ్ళింది. బుష్ చుట్టూ గోధుమరంగు బంక, అందులో ఇసుక. అక్కడక్కడా పసుపు.

"అక్కా, జర వాసన చూడు" అంది.

చూడక్కర్లేదు. అయినా చూశాను.

"మా మేనేజర్ గ్రెగ్ పొద్దటిసంది తలకాయ కొట్టుకుంటుండు, ఇదేం గ్రీజు అని. నాకు చూడంగనే తెల్సింది. పూజ చేసిండ్రా?"

తల ఊపాను. ఆ పిల్ల నన్ను తిట్టలేదు. చుట్టూ చూసి గొంతు తగ్గించింది. నా సిగ్గులో తనకీ వాటా ఉన్నట్టు ఆ చూపులో కనబడింది. దేశంకాని దేశంలో మన తిక్క పనులు బయటపడినప్పుడు, చెయ్యనివాళ్ళకీ తల వంగుతుంది. "నేనేం చెప్పలే ఇంక. తెలియని జిడ్డు అని రాస్తే అయిపాయె" అంది. తర్వాత పట్టాల వైపు చూపించింది. "మంచిగైంది ఏందంటే, ఇది ఫెయిలైంది గానీ అబద్ధం చెప్పలే అక్కా. దీనికి మోటార్ ఉంది, సెన్సర్ ఉంది. నేను మూసుకోలే, సందు ఉందని చెప్పింది. సిగ్నల్ ఎర్రగ ఉండె, బండి ఆగింది. ఎవ్వలకేం గాలే." ఆగి అడిగింది: "కలప సైడింగ్‌లో పెట్టినయి వేరే పెట్టెలోయే గద?"

కలప సైడింగ్ అంటే దుంగలు బండికెక్కించే పక్క లైను. అక్కడ పాయింట్లకి మోటార్ లేదు. దుంగల బండి వచ్చినప్పుడు మనిషి చేత్తో లీవర్ లాగుతాడు. అక్కడ సందు మిగిలితే చెప్పడానికి ఏ దీపమూ లేదు. రోలర్లు అదే పెట్టెలోవి. ఆ రోజు బండి సాయంత్రం నాలుగింటికి. "కనుక్కుని చెప్తాను" అన్నాను. అలేఖ్య మొహం చూడలేక కారెక్కాను.

రెండింటికి గ్రెగ్‌తో మీటింగు పెట్టారు. దారిలో దామోదర్ని ఎక్కించుకున్నాను. విషయం విని మొదట నమ్మలేదు. తర్వాత ఒప్పుకున్నాడు, మెరుస్తాయని నాన్నే ప్రతిదానికీ నూనె రాశారని, తను బట్టతో పైపైన తుడిచానని. ఎలా నడుచుకోవాలో మాత్రం కారు పార్క్ చేసేలోపే తేల్చేశాడు.

"ఫౌండ్రీలో లోపమని చెప్దాం. వాళ్ళేమన్నా ఇక్కడికొస్తారా?"

"కలప సైడింగ్ సంగతి?"

"వచ్చే వారం చెకింగ్ అని చెప్పి నేనే వెళ్ళి తుడిచొస్తా. వారంలో ఏమవుద్ది? చూడు నిరూ, మా నాన్న పేరు ఆ గదిలో రాకూడదు. ఆయన మంచికే చేశాడు. ఈ తెల్లోళ్ళ ముందు నవ్వులపాలు చెయ్యకు."

సీటు బెల్టు విప్పకుండా కూర్చున్నాను. నా బుర్ర అలవాటు కొద్దీ బేరం వేసింది. చెప్పకపోతే మిగిలేవి: కాంట్రాక్టు, మామయ్యగారి పరువు, దామోదర్ కార్డు మీది పేరు, రాత్రి భోజనాల దగ్గర ప్రశాంతత. చెబితే పోయేవీ అవే. తూకంలో అటు పక్కన దుంగల బండి నడిపే మనిషి ఒక్కడు, ఎప్పుడూ చూడనివాడు. ఇంత సరుకు ఎదురుగా పెట్టాక కూడా తక్కెడ ఎటు వాలిందో తెలుసుకోడానికి నాకు అంతసేపు పట్టడమే సిగ్గుచేటు. అప్పుడు ఇంకోటి తోచింది. ఇన్నేళ్ళూ నేను ఆ చేతి లీవర్ పాయింట్ల లాగే ఉన్నాను. లోపల ఎంత సందు ఉన్నా, పైకి అంతా సరిగ్గా అతుక్కున్నట్టే కనబడుతూ వచ్చాను. నమ్మకమైన భార్య అని పేరు వచ్చింది. పొద్దున ఆ మోటార్ పాయింట్లు మాత్రం నలుగురిలో, సిగ్గుపడకుండా, నేను మూసుకోలేదని చెప్పాయి. అందుకే ఎవరికీ ఏమీ కాలేదు.

మీటింగు గదిలో గ్రెగ్, ఇంకో ఇద్దరు మగవాళ్ళు, చివర్లో అలేఖ్య. దామోదర్ టై సర్దుకుని, తయారీ బ్యాచ్‌లో చిన్న సమస్య ఉన్నట్టు అనుమానంగా ఉందని మొదలుపెట్టాడు.

"కాదు" అన్నాను. నా ఇంగ్లీషు కంగారులో ముక్కలవుతుందని తెలుసు, ముక్కలైంది కూడా. తయారీ మంచిదే అని చెప్పాను. మా ఇంట్లో నువ్వుల నూనె రాశామన్నాను. కలప సైడింగ్‌లో ఉన్నవీ ఆ పెట్టెలోవే, నాలుగింటి బండి ఆపండి అన్నాను. గ్రెగ్ వెంటనే ఫోన్ తీసి ఆ సైడింగ్ మూసేయమని చెప్పాడు. ఫోన్ పెట్టాక, కోపంగా కాదు, రాసుకోవాలి కాబట్టి అడిగాడు. నూనె తగలకూడదని మాకు నేర్పింది మీరే కదా, అది రాస్తుంటే మీరు ఎక్కడున్నారు?

జ్వరం అనొచ్చు. ఊళ్ళో లేననొచ్చు. దామోదర్ బూటు నా కాలిని బల్ల కింద నొక్కింది.

"మేడమీద ఉన్నాను. నాకు పీరియడ్స్. మా ఇంట్లో ఆ రోజుల్లో నన్ను పూజ జరిగే చోటికి రానివ్వరు. నేనూ వెళ్ళలేదు."

ఒకాయన పెన్ను క్లిక్కుమనిపించడం ఆపేశాడు. ఇంకొకాయన తన కాఫీ కప్పులోకి చూసుకున్నాడు. నా ఒళ్ళంతా కాలిపోతోంది. ఎవరైనా నవ్వుంటే తేలికయ్యేది. అప్పుడు బల్ల చివరినుంచి అలేఖ్య ఇంగ్లీషులో, "మా ఇంట్లో కూడా అంతే" అంది. గ్రెగ్ ఆ పిల్లవైపు చూసి, నావైపు చూసి, కాగితం మీద ఏదో రాశాడు. ఎలా రాశాడో నేను అడగలేదు.

సాయంత్రం అలేఖ్య ఫోటో పంపింది. లీవర్ పూర్తిగా లాగి ఉంది. పట్టాకీ పట్టాకీ మధ్య తన బొటనవేలు పెట్టింది. వేలు సులువుగా పట్టింది.

ఆ ఫోటో ఇంట్లో అందరికీ చూపించాను. దామోదర్ చూడలేదు. మామయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, వరండాలోకి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆయన నన్ను అమ్మాయ్ అని పిలవడం తగ్గించారు. అది నాకు నష్టమే, కాదనను. అత్తయ్య మాత్రం ఫోన్ తిరిగి ఇస్తూ, "అంతమంది మగాళ్ళలో ఆ మాట ఎలా అనగలిగావమ్మా?" అంది. వేలు పట్టిన సందు గురించి అడగలేదు. రాత్రి దామోదర్ గోడవైపు తిరిగి, "నా తల తీసేసినంత పనిచేశావు" అన్నాడు. నాకు ధైర్యం వచ్చిందని చెప్పను. చాలా రోజులు ఆ గదిలో పెన్ను ఆగిన క్షణం గుర్తొచ్చి, గిన్నెలు తోముతూ కళ్ళు మూసుకునేదాన్ని.

ట్రయల్ ఆపేశారు. కొత్త సరుకుతో మళ్ళీ చూస్తామని, అయితే ప్రతి రోలరూ నేను స్వయంగా చూసి ఇవ్వాలని, మాట కూడా నాతోనే అని గ్రెగ్ కబురు పెట్టాడు.

కొత్త పెట్టె మార్చిలో ఒక శనివారం దిగింది. కొరియర్ వ్యాన్ గేటు ముందు ఆగేసరికి అత్తయ్య హాల్లో బత్తాయి ఒలుస్తోంది. నేను మేడమీద నుంచి మెట్లు దిగడం చూసి, ఆవిడ చెయ్యి ఆగింది. ఎందుకు ఆగిందో నాకు తెలుసు. నా వెనక కావ్యశ్రీ కూడా దిగింది. ఈసారి అదేమీ అడగలేదు.

గరాజ్‌లో లైటు వేశాను. చేతులు కడుక్కుని, పొడిబట్టతో రెండుసార్లు తుడుచుకున్నాను. పెట్టెకి అటువైపు పట్టుకోమని పిల్లతో చెప్పి, టేపు కోసి మూత తీశాను. అది నాకు రెండో రోజు.