బల్లి మాస్టారు, సాలెపురుగు మేడం

అనువాద కార్యాలయంలో వాళ్ళిద్దరికీ చాటుపేర్లున్నాయి. ఆయన బల్లి మాస్టారు, ఆవిడ సాలెపురుగు మేడం. హీబ్రూ బైబిలును వాడుక భాషలోకి తెస్తున్న బృందంలో ఇద్దరూ పెద్దలే. ఆ గ్రంథం మొత్తంలో ఒక్కచోటే కనబడే మాట ఒకటుంది: సెమామీత్. అదొక చిన్న ప్రాణి, రాజుల మేడల్లో ఉంటుంది, చేతులతో పట్టుకోవడం గురించి ఏదో ఉంది. అంతకుమించి ఆనవాలు లేదు. ఆ మాట వచ్చినప్పుడల్లా అది బల్లేనని ఆయనా, సాలెపురుగేనని ఆవిడా టీ చల్లారిపోయేదాకా వాదించుకునేవాళ్ళు.

అంతలో ఆయన కూతురూ ఆవిడ కొడుకూ ఒకరినొకరు ఇష్టపడ్డారు. పెళ్ళి హాయిగా జరిగిపోయింది.

తర్వాతి సమావేశంలో ఆ మాట మళ్ళీ వచ్చింది. ఆవిడ నడుం బిగించి కూర్చుంది. మాస్టారు మాత్రం కళ్ళజోడు తుడుచుకుంటూ, సాలెపురుగే ఖాయం చేద్దామన్నారు. అందరూ మొహమొహాలు చూసుకున్నారు.

నెగ్గినా ఆవిడకు ముద్ద దిగలేదు. సెలవురోజున నేరుగా వియ్యంకుడి ఇంటికి వెళ్ళింది. ఆయన కుర్చీ వేసి, ఫ్యాను పెట్టి, అల్లుడి క్షేమం అడగబోయారు.

"అన్నయ్యగారూ, మీరు నిజంగానే మనసు మార్చుకున్నారా?"

"లేదు చెల్లెమ్మా. పిల్లనిచ్చినవాణ్ణి. మీతో పేచీ పెట్టుకుంటే అది మీ ఇంట్లో ఎలా నెగ్గుకొస్తుంది?"

"అది నాతో రోజూ వాదిస్తూనే ఉంది, సగంసార్లు నన్ను ఓడిస్తోంది. ఆ బెంగ మీకెందుకు? బల్లి ఎందుకో సరిగ్గా చెప్పండి."

ఆయన మొహం వెలిగింది. పుస్తకాలన్నీ మంచం మీద పరిచారు. ప్రాచీన గ్రీకు అనువాదంలో బల్లి అనే ఉందన్నారు. అరబ్బీలో బల్లి పేరు ఈ మాటకు దగ్గరగా వినిపిస్తుందన్నారు. గోడను చేతులతో పట్టుకుని పాకేది సాలెపురుగు కాదా అని ఆవిడ అడ్డు తగిలింది. ఆ వాక్యంలోని క్రియను 'దాన్ని నువ్వు చేత్తో పట్టుకోగలవు' అని కూడా చదవచ్చని ఆయన చూపించారు. మాస్టారి భార్య టీ ఇచ్చి వెళ్ళబోయి, వింటూ తానూ కూర్చుండిపోయింది.

పొద్దువాలే వేళకు ఆవిడ ఒప్పుకుంది. "సరే, బల్లే. కానీ సాలెపురుగును పేజీ అడుగున చిన్న అక్షరాల్లో వేయాల్సిందే."

అందుకు ఆయనకు అభ్యంతరం లేదు.

బస్సెక్కాక ఆవిడ కోడలికి ఫోన్ చేసి, మీ నాన్న చేతిలో చిత్తుగా ఓడిపోయానని చెప్పింది. చెబుతూ ఎంతగా నవ్విందంటే, సంగతేమిటో తెలియకపోయినా పక్క సీటావిడ కూడా నవ్వేసింది.