బయోడేటాలో ఏడేళ్ళు

ఖాలిక్ మళ్ళీ పనికి బయల్దేరేనాటికి అతని చేతిలో ఉన్న సరుకు కొంచెమే. వయసు నలభై మూడు. పదో తరగతి సర్టిఫికెట్టు. వన్ టౌన్‌లో ఒక స్టీలు సామాన్ల గోడౌన్‌లో పదకొండేళ్ళ అనుభవం, దానికి రుజువుగా ఊదారంగు ముద్ర వేసిన ఒక ఉత్తరం. ఆ కొట్టు మూతపడి నాలుగేళ్ళయింది కాబట్టి ముద్రకి పూచీ పడేవాళ్ళు లేరు. ఇది 2003 నాటి సంగతి.

చెప్పుకోలేనిది మాత్రం ఒకటుంది. 1996 నుంచి ఏడేళ్ళు.

ఆ ఏడేళ్ళూ అతను ఇంట్లో ఉన్నాడు. తల్లికి పక్షవాతం వచ్చి మంచాన పడితే, మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒక సాయంత్రం కూర్చుని ఆలోచించుకున్నారు. ఎవరో ఒకరు పని మానాలి. ఫౌజియా మునిసిపల్ ఉర్దూ స్కూల్లో టీచరు, పింఛను ఉన్న ఉద్యోగం. ఖాలిక్‌ది కొట్టు ఉద్యోగం. చిన్న ఉద్యోగాన్ని వదులుకోవడమే తెలివి. ఇందులో ఏడవాల్సిందేమీ లేదు. ఆడంగి పని అని పేటలో నలుగురు నవ్వారు, నవ్వి నవ్వి వాళ్ళే అలిసిపోయారు. కిందటి చలికాలంలో తల్లి పోయింది. కూతురు అఫ్సా ఇంజినీరింగ్ సీటు కోసం చూస్తోంది. ఇక ఒక్క జీతంతో బండి నడవదు.

మొదట రెండు కొట్లకి వెళ్ళి ఉన్నమాట చెప్పాడు. ఒకాయన "ఏడేళ్ళు ఇంట్లోనా? ఏం, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు. రెండో ఆయన టీ ఇప్పించి పంపేశాడు. ఖాలిక్‌కి విషయం అర్థమైంది. సొట్టపడిన బిందెలోంచి నీళ్ళు కారవు. అయినా దాన్ని ఎవరూ ముందు వరసలో పెట్టరు.

అతని బావమరిది తౌసిఫ్‌కి గవర్నర్‌పేటలో జిరాక్సు, డీటీపీ సెంటరుంది. ఖాలిక్ చెప్పిందంతా విని, కంప్యూటర్లో ఎవరిదో పాత బయోడేటా తెరిచాడు.

"పేరు మారిస్తే సరిపోద్ది బావా. దుబాయ్, స్టోర్‌కీపర్, ఏడేళ్ళు."

"నాకు పాస్‌పోర్టే లేదు కదరా!"

"పెళ్ళి సంబంధాలకి రోజుకి ముగ్గురికి టైపు కొడతన్నా, దుబాయ్ అని. ఒక్కడన్నా పాస్‌పోర్టు అడిగాడా? మన పేటలో దుబాయ్ పోని మగాడివి నువ్వొక్కడివే. కాయితం మీదన్నా పోయిరా."

మిషను కిర్రుమంటూ కాయితాన్ని బయటికి నెట్టింది. ఖాలిక్ అడుగున సంతకం పెట్టాడు.

ఇంటికి తెస్తే ఫౌజియా చదివి బల్ల మీద పెట్టేసింది. "మీరు ఏడేళ్ళు దుబాయ్‌లో ఉంటే, అమ్మీకి నోట్లో ముద్ద ఎవరు పెట్టారంట?"

"బయోడేటాలో ముద్దలకి గడి ఉండదు," అన్నాడు ఖాలిక్.

మూడో కొట్టు సుబ్బరత్నం గారిది. భర్త పోయాక స్టీలు సామాన్ల హోల్‌సేలు ఆవిడే నడుపుతోంది. పెళ్ళిళ్ళ సీజన్ ముందు గోడౌన్‌కి ఇన్‌ఛార్జి కావాలని వన్ టౌన్ అంతటికీ తెలుసు. ఖాలిక్‌కి చేతనైన పని ఇదొక్కటే. ఇది పోతే ఏ బట్టల కొట్టు ముందో నిలబడి వచ్చేపోయేవాళ్ళని లోపలికి పిలవాలి.

ఆవిడ గల్లాపెట్టె వెనక కూర్చుని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి కాయితం చదివింది.

"దుబాయ్‌లో ఏడేళ్ళా?"

"అవునండీ."

"మంచిదయ్యా. వెళ్ళిరా."

తౌసిఫ్ అతనికి షేకు పేరు నేర్పాడు, అక్కడి ఎండల సంగతి నేర్పాడు. దీనికి జవాబు నేర్పలేదు.

"ఏమైందండీ?"

"నాకొద్దు బాబూ దుబాయ్ వాళ్ళు. ముగ్గుర్ని పెట్టుకుని చేతులు కాల్చుకున్నా. పని ఒంటబట్టేదాకా ఉంటారు, వీసా రాగానే చెప్పాపెట్టకుండా ఎగిరిపోతారు. ఒకడైతే లారీ లోడు సగం దిగాక పోయాడు. హమాలీలు నన్నడుగుతున్నారు, మిగతాది ఎక్కడ దించమంటారని!"

పెళ్ళి బజారులో ధర పెంచే సరుకు ఇక్కడ ధర దించేసింది. ఖాలిక్ స్టూలు మీద నుంచి లేవకుండా ఆలోచించాడు. నోరు మూసుకుంటే బేరం పోయినట్టే. నిజం చెబితే అబద్ధాలకోరు అంటుంది, అప్పుడూ బేరం పోవచ్చు. కాకపోతే ఇంకో రెండు మాటలకి చోటుంటుంది.

"నేను దుబాయ్ పోలేదండీ."

"మరిదేంటి?"

"మా బావమరిది టైపు కొట్టాడండీ."

"సంతకం కూడా వాడే పెట్టాడా?"

"లేదండీ. నాదే."

"ఆ ఏడేళ్ళూ ఎక్కడున్నావు మరి? జైల్లోనా?"

"ఇంట్లోనండీ. మా అమ్మకి పక్షవాతం వస్తే దగ్గరుండి చూసుకున్నా."

"ఇదింకో దుబాయా?"

గుమాస్తా కిసుక్కున నవ్వాడు. ఖాలిక్ తలొంచుకున్నాడు. సుబ్బరత్నం కళ్ళజోడు తీసింది.

"మీ అమ్మకి మంచంలో పుళ్ళు పడ్డాయా?"

"వీపు మీద పడలేదండీ. మొదటి ఏడాది మడమకి ఒకటి పడింది, నాకు తెలీక. తర్వాత ఆస్పత్రి ఆయమ్మ చెప్పింది. రబ్బరు గ్లవ్స్‌లో నీళ్ళు నింపి, మూతి కట్టి మడమల కింద పెట్టేవాణ్ణి. మెత్తగా ఉంటదండీ."

"ఎంతసేపటికి పక్క తిప్పేవాడివి?"

"రెండు గంటలకోసారండీ. ఎడమ పక్కకి తిప్పితే ఒప్పుకునేది కాదు, తిట్టేది. తిట్లు తింటూనే తిప్పేవాణ్ణి."

ఆవిడ భర్త పద్నాలుగు నెలలు మంచాన ఉండి పోయాడని బజారంతా ఎరుగుదురు. ఖాలిక్ కూడా ఎరుగును. అది వాడుకోవచ్చని ఆ క్షణాన అతనికి తట్టలేదు. తట్టి ఉంటే వాడుకునేవాడే.

"జీతానికి నలుగుర్ని పెట్టా ఆయన దగ్గర," అంది సుబ్బరత్నం. "రెండు నెలలు నిలిచినవాడు లేడు." తర్వాత గుమాస్తా వైపు తిరిగింది. "నవ్వింది చాలు గానీ, ఆ పెన్నిటివ్వు."

ఖాలిక్ దుబాయ్ వరస మీద అడ్డంగా గీత కొట్టాడు. ఆ ఇంగ్లీషు టైపు కింద తెలుగులో చేత్తో రాశాడు: '1996 నుంచి 2003 వరకు ఇంట్లో ఉండి మా అమ్మను చూసుకున్నాను.' ఆవిడ చెబితే దాని పక్కన మళ్ళీ సంతకం పెట్టాడు.

"ఏడేళ్ళు ఒక మంచం వదలనివాడివి, నా గోడౌన్ వదిలి పోవులే. కానీ నా ముందే అబద్ధం పెట్టావు. తాళాలు నా దగ్గరుంటాయి, పొద్దున్న నేనొచ్చేదాకా బయట నిలబడాలి. జీతం నీ పాతదే."

"ఏడేళ్ళ కిందటిదండీ అది. కాస్త చూసి…"

"దుబాయ్ రేటు కావాలా?"

ఆవిడ తిరిగిచ్చిన కాయితాన్ని ఖాలిక్ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఐదు నెలలు రోజూ షట్టరు ముందు నిలబడ్డాడు. ఆరో నెలలో ఆవిడకి జ్వరం తగిలి, అదే పూట సరుకు లారీ వస్తే, తాళాలు గుమాస్తా చేత పంపింది. మళ్ళీ వెనక్కి అడగలేదు.

మొత్తం తేల్చి చూస్తే, జీతం దగ్గర ఏడేళ్ళు వెనక్కి పోయాడు, నమ్మకం దగ్గర ఐదు నెలలు. దుబాయ్ నష్టం కింద రాదు, అది ఎన్నడూ అతనిది కాదు. వచ్చినవి ఒక ఉద్యోగం, తాళాల గుత్తి, ఎవరికి చూపించినా మాట తడబడనక్కర్లేని ఒక కాయితం. అందులో గీత కొట్టిన వరస కింద చేత్తో రాసినదాన్నే సుబ్బరత్నం అనుభవం కింద లెక్కగట్టింది.