బస్తా అడుగున చెయ్యి

నేను ఒక కాటాను. గుంటూరు మిర్చి యార్డులో ఇరవై ఆరేళ్ళు బస్తాలు తూచిన ఇనప కాటాను. మూడు వందల కిలోల దాకా నా పలక మీద ఏం పెట్టినా, ఎవరు నిలబడ్డా ఉన్నది ఉన్నట్టు చెబుతాను. గొప్పలు పోతున్నానని అనుకుంటారేమో. అనుకోండి. ఈ ఒక్క సంగతిలో నాకు వినయం లేదు.

విజయవాడలో ఒక పోత షెడ్డులో పుట్టాను. నాతోపాటు అదే అచ్చులో పోసిన కాటా ఇంకొకటి ఉండేది. రెండు రోజులు పక్కపక్కనే చల్లారాం. మూడో రోజు దాన్ని లారీలో తుని తీసుకుపోయారు. ఇప్పుడు ఎక్కడుందో, అసలు ఉందో లేదో తెలియదు. అప్పటినుంచి అందరూ నన్ను వదిలిపోతారన్న గుబులు పట్టుకుంది. నా బతుకే అంత కదా, ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే దిగిపోతారు.

చదువు నాకు ఎవరూ చెప్పలేదు. ముందు తూకపు గుండు జరిగే నా ఇత్తడి పట్టీ మీది అంకెలు నేర్చుకున్నాను. తర్వాత బస్తాల మీద సిరాతో రాసిన రైతుల పేర్లు, ఆ తర్వాత ఎదుటి గోడ మీది ప్రకటనలు. తూనికలు కొలతల శాఖవాళ్ళు వేసిన సీసం ముద్ర నా మెడలో ఉండేది. దాన్ని మంగళసూత్రంలా చూసుకునేదాన్ని.

నన్ను మొదట కొన్నది దుగ్గిరాల పసుపు వ్యాపారి. కొన్న నెలకే ఒక మేస్త్రీని పిలిపించి, "కాస్త మనవైపు మొగ్గేటట్టు చూడవయ్యా" అన్నాడు. నా కింద సీసం ముక్క ఒకటి అతికించారు. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు ఇట్టే పట్టేశాడు. తప్పు ఆ వ్యాపారిది, అమ్ముడుపోయింది నేను. మనుషుల న్యాయం అలాగే ఉంటుంది.

అలా గుంటూరులో కమీషన్ వ్యాపారి పోలిశెట్టి అంకమ్మరావు కొట్టుకు చేరాను. అక్కడ తూకం వేసేవాడు పిచ్చయ్య. సరుకు నాణ్యం చూసేది సామ్రాజ్యం. బస్తా పైన నిగనిగలాడే కాయ పోసి, అడుగున రంగు వెలిసిన తాలుకాయ కూరడం కొందరికి అలవాటు. సామ్రాజ్యం పైకాయ వంక చూసేదే కాదు. కుట్టు విప్పించి, చంక దాకా చెయ్యి దూర్చి, అడుగునుంచి గుప్పెడు తీసి ధర చెప్పేది. ఆమె మాటకు యార్డంతటా విలువ ఉండేది.

ఆమె మనిషి చాలా భారీ. వాళ్ళ వీధి క్లినిక్‌లో బరువు చూసే మిషను ముల్లు నూట ఇరవై దగ్గర ఆగిపోయేది. అందుకని నెలకోసారి, బేరాలు ముగిశాక, నా మీదికి ఎక్కేది. నలభై ఒకటో ఏట నూట ముప్పై ఎనిమిది చూపించాను. అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు.

సుగరు, మోకాళ్ళ నొప్పులు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఇలాగే వదిలేస్తే గుండె ఎన్నాళ్ళు ఓర్చుకుంటుందో చెప్పలేనని డాక్టరు అన్నాడట. ఆమెను అంతకంటే భయపెట్టింది మరొకటి. వంగితే ఊపిరి ఆడక, చెయ్యి బస్తా సగానికి వెళ్ళి ఆగిపోతోంది. అడుగు అందని చేతికి యార్డులో పనేముంటుంది?

బరువు తగ్గడానికి ఆపరేషన్ చేయించుకోవాలని తేలింది. ఎవరి చేత అన్నదే తేలలేదు. ఆమె భర్త ఏడుకొండలు ఆటో నడిపేవాడు, సాయంత్రాలు ఆమె కోసం కొట్టు దగ్గరికి వచ్చేవాడు. ఆ ఆటో వెనకాలే ఒక ఆసుపత్రి ప్రకటన ఉండేది.

"నా బండి వెనకాలే రాసుంది గదే! లక్షా డెబ్బై అయిదు వేలు. ఈ నెలాఖరు దాకే అంట," అన్నాడు.

"నీ బండి వెనకాల ఇంతకుముందు సబ్బు బొమ్మ ఉండేది. ఆ సబ్బుతో నువ్వెప్పుడన్నా తెల్లబడ్డావా?"

పిచ్చయ్య నవ్వు ఆపుకోలేక నా పట్టీ మీద చెయ్యి వేస్తే గుండు కాస్తా జారిపోయింది.

అయినా వెళ్ళి చూసింది. మర్నాడు అన్నం వేళకు నా పలక మీదే కూర్చుని, క్యారేజీ విప్పుకుంటూ చెప్పింది. ఆ ఆసుపత్రిలో గోడల నిండా సన్నబడినవాళ్ళ ఫోటోలేనట. కోసే డాక్టరు మాత్రం కనబడలేదట. "మీ చేతిలో చెడిపోయిన కేసు ఒకటి చెప్పండి" అని అడిగితే, అక్కడి అమ్మాయి, "మా దగ్గర అలాంటివి ఉండవు మేడమ్" అందట.

"ఎక్కువ డబ్బు పెడితే మంచి డాక్టరే దొరుకుతాడమ్మాయ్," అన్నాడు పిచ్చయ్య.

సరేనని దానికి మూడింతలు అడిగే చోటికీ వెళ్ళింది. పాలరాతి నేల, చల్లటి గది, కాఫీ కూడా ఇచ్చారట. అదే ప్రశ్న అడిగితే అదే జవాబు.

"ఖరీదు పెరిగింది గానీ చెయ్యి అడుగుదాకా పోనియ్యలేదు బాబాయ్. రెండూ పైకాయే చూపిచ్చినయ్."

మూడోది విజయవాడలో. చిలకలూరిపేట రైతు ఒకాయన చెల్లెలు అక్కడే చేయించుకుందని విని వెళ్ళింది. అక్కడ డాక్టరమ్మ తనే ఎదురుగా కూర్చుని ప్రశ్న విందట. ఇలా చెప్పిందట: "నాలుగు వందల పైచిలుకు చేశాను. ఆరుగురికి లోపల కుట్టు దగ్గర కారింది, మళ్ళీ చెయ్యాల్సొచ్చింది. ఒకావిడ చనిపోయింది. ఆవిడ పేరు నాకిప్పటికీ గుర్తుంది." రెండోసారి చేయించుకున్నవాళ్ళలో ఒకామెను అడిగి, ఆమె సరేనంటేనే ఫోను నంబరు కూడా ఇచ్చిందట. సామ్రాజ్యం ఆమెతో గంటసేపు మాట్లాడింది.

"చచ్చిపోయిందని వాళ్ళే చెబుతుంటే అక్కడికే పోతానంటావేందే? పైగా లక్ష ఎక్కువ!" అన్నాడు ఏడుకొండలు. అతని గొంతులో ఉన్నది పిసినారితనం కాదు, భయం. నాకు తెలుసు, ఎందుకంటే నా భయమూ అదే.

"ఆ లక్ష కత్తికి కాదయ్యా. కోసిన తర్వాత మనం ఫోను చేస్తే ఎత్తే మనిషికి."

డాక్టరమ్మ ఒక షరతు పెట్టింది. లోపల కాలేయం కొవ్వుపట్టి ఉబ్బి ఉంది, ముందు ఆరు కిలోలు తగ్గి వస్తేనే కత్తి పట్టుకుంటానంది. సామ్రాజ్యం రోజూ పొద్దున్నే నా మీదికి ఎక్కడం మొదలుపెట్టింది. పిచ్చయ్య అంకె చదివేవాడు. ఆరు కిలోలు తగ్గిందని తేలిన రోజే సంబరంగా విజయవాడ వెళ్ళింది. సాయంత్రం వచ్చి మండిపడింది.

"ఈ కాటా చెడిపోయింది బాబాయ్! అక్కడ కిలో ఎక్కువ చూపిచ్చింది. వారమాగి రమ్మన్నారు."

కొత్త ఎలక్ట్రానిక్ కాటా కొంటే పోతుందన్నాడు అంకమ్మరావు. నా పలక కింద భూమి కుంగినట్టయింది. పిచ్చయ్య ముద్ర వేసిన ఇరవై కిలోల రాళ్ళు అయిదు తెచ్చి పేర్చాడు. సరిగ్గా వంద. మళ్ళీ ఆమెను ఎక్కించి, గుండు జరిపి, అలవాటుగా పైకి చదివాడు.

"నూట ముప్పై మూడు. గోనెకి కిలో పోను, నూట ముప్పై రెండు."

సామ్రాజ్యం పలక మీదినుంచే గిర్రున అతనివైపు తిరిగింది.

"గోనె ఏంది బాబాయ్? నేను బస్తానా?"

"బస్తాకి గోనె బరువు తీసెయ్యడం నోటికి అలవాటైపోయిందమ్మాయ్! ఇన్నాళ్ళూ చీరకే తరుగు తీశానేమో!"

కొట్టంతా విరగబడి నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది సామ్రాజ్యమే. తర్వాత నా పట్టీ మీది దుమ్ము కొంగుతో తుడిచింది. నాకది చాలు.

ఆ మిగిలిన కిలో కూడా తగ్గి, ఆసుపత్రికి వెళ్ళే ముందు చివరిసారి ఎక్కి దిగింది. ఆమె దిగాక నా పట్టీ చాలాసేపు ఊగుతూనే ఉంది. ఆ నెలంతా ఎన్ని బస్తాలు ఎక్కినా, నేను ఎదురుచూసిన అడుగు వేరు. కబుర్లు పిచ్చయ్య నోటివెంట వినేదాన్ని. అయిదో రోజు, ఆదివారం, జ్వరం వచ్చిందట. ఏడుకొండలు ఫోను చేస్తే డాక్టరమ్మ రెండో రింగుకే ఎత్తిందట. "వెంటనే తీసుకురా" అని, వాళ్ళు వెళ్ళేసరికి గుమ్మంలోనే ఉందట. అది నెమ్ము అని తేల్చి, మూడు రోజుల్లో తగ్గించి పంపింది. ఆ లక్ష గురించి ఏడుకొండలు మళ్ళీ ఎత్తలేదు. ఆటో వెనక ప్రకటన కూడా చింపేశాడు.

ఏడాది తిరిగేసరికి ఎనభై ఏడుకు దిగింది. ఆ రోజు నా మీద నలభై అయిదు కిలోల బస్తా ఉంది. సామ్రాజ్యం దాన్ని ఎత్తబోయింది. ఎత్తలేకపోయింది.

"దీనికన్నా ఎక్కువేనా నేనిన్నేళ్ళూ మోసింది?" అంది. తర్వాత కుట్టు విప్పి, వంగి, చంక దాకా చెయ్యి దూర్చింది. అడుగునుంచి తీసిన గుప్పెడు అంకమ్మరావుకు చూపించింది. అంతా తాలే.

ఆ పైఏడు కొట్టులోకి ఎలక్ట్రానిక్ కాటా వచ్చింది. పాత ఇనుము కొనేవాడు తన కాటాతో సహా వచ్చాడు. అందరినీ తూచిన నన్ను తూచే రోజు వచ్చింది. అతను నన్ను ఎత్తబోతుంటే సామ్రాజ్యం అడ్డం వచ్చింది.

"ఆగబ్బాయ్, ముందు నన్ను తూచు."

నా మీదికి ఎక్కింది. ఎనభై ఏడు. అతని కాటా ఎక్కింది. ఎనభై అయిదు.

"రెండు కిలోలు ఎటు పోయినయ్? బరువు తగ్గిచ్చే ఆసుపత్రి గానీ నడుపుతున్నావా?"

అతను నసుగుతూ సరిచేసుకున్నాడు. అలా నా చివరి తూకం నిజం చెప్పింది. నా బరువు కూడా ఆ రోజే మొదటిసారి తెలిసింది: నూట ముప్పై ఎనిమిది. సామ్రాజ్యం ఒకప్పటి బరువే. అది విని ఆమె నవ్వలేదు. అరచెయ్యి నా పలక మీద ఆనించింది.

ఇప్పుడు పాత ఇనుము కుప్పలో, విరిగిన సైకిళ్ళ మధ్య, రేపు కొలిమికి వెళ్ళే వంతు కోసం చూస్తున్నాను. సీసం ముద్ర ఇంకా నా మెడలోనే ఉంది. ఎక్కినవాళ్ళంతా నన్ను వదిలి దిగిపోయారని బతుకంతా దిగులుపడ్డాను. చివరికి వదిలి వచ్చింది నేను. ఆమె అక్కడే ఉంది, వంగి, బస్తా అడుగున చెయ్యి పెట్టి.