లాండ్రీలో చదివిన నవల

మా అత్తయ్యని ఊళ్లో అందరూ ‘నిశ్శబ్దం అత్తయ్య’ అనేవారు, ఆవిడకి వినపడకుండా. మా నాన్నకి అక్క. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఊరివాళ్ల మాటలన్నీ ఆవిడ చెవుల మీదుగానే వెళ్లేవి. పెళ్లి కబుర్లు, చావు కబుర్లు, అలకలు, బతిమాలడాలు, ఏమీ తోచక చేసే ఫోన్లు. “ఈ జన్మకి సరిపడా వినేశానురా” అనేది నాన్నతో. అందుకే కాబోలు, రిటైరైన మర్నాటి నుంచే వీధి చివరున్న రీడింగ్ రూం బాధ్యత నెత్తినేసుకుంది. జీతం లేదు. చెయ్యమని ఎవరూ అడగలేదు. వద్దనే ధైర్యమూ ఎవరికీ లేదు.

మా వీధి వాలుగా ఉండేది. పైన బేకరీ, దాని పక్కన మా నాన్న ఫోటో స్టూడియో, ఎదురుగా లాండ్రీ. అక్కణ్ణుంచి దిగుతూ పోతే సెలూను, సైకిల్ షాపు, అన్నిటికన్నా కింద కాలువ. ఆ కాలువ గట్టునే, ఒకప్పుడు ఉప్పు బస్తాలు నిలవచేసిన గోడౌన్‌లో రీడింగ్ రూం. వీధిలో షాపులవాళ్లంతా కలిసి పెట్టుకున్నది. తలుపు తియ్యడం, ఊడవడం, పత్రికలు సర్దడం షాపులవాళ్లు వంతులేసుకుని చేసేవారు. సెలూన్ వాళ్ల వంతు వచ్చిందంటే సినిమా పత్రికలు సెలూన్‌కి వలస వెళ్లి, వారం తర్వాత జుట్టుముక్కలతో సహా తిరిగొచ్చేవి. అత్తయ్య వాటిని గుమ్మం బయటే దులిపి లోపలికి తెచ్చేది.

లోపల మాత్రం చీమ నడిచినా వినపడేంత నిశ్శబ్దం. ఎవరైనా దగ్గితే అత్తయ్య కళ్లజోడు మీంచి చూసేది. ఆ చూపుకి రెండో దగ్గు గొంతులోనే ఆగిపోయేది.

ఆ నిశ్శబ్దం లాండ్రీ బాబాయ్‌కి అచ్చిరాలేదు. ఆయన చదువు నేర్చుకున్నదే నడివయసులో, షాపుల బోర్డులు చూసుకుంటూ. అందుకని పైకి చదివితే తప్ప ఆయనకి అర్థమయ్యేది కాదు. ఒక్కో అక్షరాన్నీ నోటితో పట్టుకుని, మాటగా కూర్చి, ఆ మాట తన చెవిన పడ్డాక అప్పుడు ముఖం వెలిగేది. సాయంత్రం షాపు కట్టేసి వచ్చి మూల బెంచీ మీద కూర్చుని గొణుగుతూ చదువుకునేవాడు. కథ రంజుగా ఉన్న చోట గొణుగుడు కాస్తా ప్రసంగమయ్యేది.

అత్తయ్య ఒకసారి చెప్పింది. ఇంకోసారి చెప్పింది. మూడోసారి అందరి ముందూ లేచి నిలబడి, “ఏమయ్యా, ఇది చదువుకునే చోటా, సంతా? నోరు మూసుకుని చదవడం చేతకాకపోతే ఇంట్లో చదువుకో” అనేసింది.

బాబాయ్ పుస్తకం మూసి, బల్ల మీద మెల్లిగా పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. అత్తయ్య బట్టలు ఇస్త్రీకి వెళ్లేవి, మడత చెదరకుండా తిరిగొచ్చేవి, కానీ ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఆవిడ వస్తే ఆయన ఇస్త్రీపెట్టె వంకే చూసేవాడు. ఆవిడ వీధి వంక చూసేది. అలా కొన్నేళ్లు గడిచాయి.

అప్పుడే నా చదువు పూర్తయింది. ఉద్యోగం రాలేదు. పొద్దున నాన్నకి స్టూడియోలో, మధ్యాహ్నం అత్తయ్యకి రీడింగ్ రూంలో సాయం చేస్తుండేదాన్ని. ఆ ఏడు వానలు మొదలయ్యాక ఆగలేదు. ఒక తెల్లవారుజామున కాలువ గట్టు తెగింది.

మేం వెళ్లేసరికి నీళ్లు తీశాయి, బురద మిగిలింది. కింది అరల పుస్తకాలన్నీ ఉబ్బిపోయి, అరల్లోంచి బయటికి తోసుకొచ్చి, నేల మీద కుప్పగా పడున్నాయి. అత్తయ్య మెట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఒక పుస్తకం. దాన్ని తెరవబోతే అట్ట ఆవిడ చేతిలోకి వచ్చేసింది. జీవితంలో మొదటిసారి ఆవిడ భుజాలు వంగిపోయి ఉండటం చూశాను.

పురపాలక కార్యాలయం నుంచి ఒకాయన వచ్చి చూసి, “పాపం, అంతా పోయిందమ్మా. బయట కుప్ప పెట్టించండి, సాయంత్రం చెత్త ట్రాక్టరు పంపిస్తా” అన్నాడు. ఆయన మంచి మనసుతోనే అన్నాడు.

అప్పుడొచ్చాడు లాండ్రీ బాబాయ్, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, బురదలో అడుగులేసుకుంటూ. కుప్పలోంచి ఒక పుస్తకం తీసి రెండు అరచేతుల మధ్యా పెట్టి నొక్కాడు. నీళ్లు కారాయి. మళ్లీ నొక్కాడు.

“బట్టకైనా కాగితానికైనా తడి తడే కదక్కా” అన్నాడు, అత్తయ్య వంక చూడకుండానే. “ఆరబెట్టి చూద్దాం. పోతే పోతాయి. చెత్త ట్రాక్టరు ఎక్కడికీ పోదుగా, ఎప్పుడు పిలిచినా వస్తుంది.”

అత్తయ్య తలెత్తి చూసింది. “ఎక్కడ ఆరబెడతావయ్యా? ఎండే లేదు.”

దానికి జవాబు వెనకనుంచి వచ్చింది. “మా పొయ్యి మీద అటకుందిగా!” బేకరీ పెద్దమ్మ, చీపురు చేత్తో. “పిండి బస్తాలు మెత్తబడకుండా పెట్టుకునే చోటు. బస్తాలు కిందకి దించేస్తే మీ పుస్తకాలకి వెచ్చగా ఉంటుంది. లేవండి, లేవండి, కూర్చుంటే బురద పోతుందా?”

పెద్దమ్మ ఒకసారి లేవమందంటే లేవాల్సిందే. మధ్యాహ్నానికి వీధంతా దిగింది. సైకిల్ షాపాయన పంపు పెట్టి నీళ్లు కొట్టి బురద కడిగాడు. సెలూన్ వాళ్లు తువ్వాళ్లన్నీ మోసుకొచ్చారు. రొట్టెలు పెట్టే ట్రేలలో పుస్తకాలు పేర్చుకుని, వాలు ఎక్కుతూ, జారుతూ, నవ్వుకుంటూ పైకి మోశాం. మరీ పాడైనవాటి పేజీలు విడదీసి, నాన్న డార్క్‌రూంలో ఫోటోలు ఆరేసే తీగలకి క్లిప్పులతో తగిలించాం. అటక మీద సగం ఆరినవి లాండ్రీకి వెళ్లేవి. బాబాయ్ ఒక్కో పేజీకీ కిందా మీదా నూలుగుడ్డ వేసి, ఇస్త్రీపెట్టె ఈడ్చకుండా అద్ది తీసేవాడు. మొదటి పుస్తకం మాడ్చేశాడు. వంటల పుస్తకం అది. “వంట అన్నాక ఒకసారి మాడదా ఏంటి” అన్నాడు నాన్న.

అన్నీ సవ్యంగా జరిగాయని చెప్పను. నున్నటి కాగితం పుస్తకాలు అతుక్కుపోయి ఇటుకల్లా తయారయ్యాయి. వాటిని ఏం చేసినా లాభం లేకపోయింది. ఒకరోజు తడి కాగితాల బరువుకి డార్క్‌రూంలో తీగ తెగింది. నేను హడావిడిగా పేజీలు ఏరి కట్ట కట్టాను. మర్నాడు లాండ్రీలోంచి ఒకటే నవ్వులు. వెళ్లి చూస్తే, కథానాయకుడు ఆమె కళ్లలోకి ఆర్తిగా చూసి, పేజీ తిప్పగానే మొక్క మొదట్లో గొయ్యి తవ్వి బాగా మాగిన ఎరువు వేస్తున్నాడు. ఒక ప్రేమకథా, ఒక తోటపని పుస్తకమూ నా చేతుల మీదుగా ఏకమైపోయాయి. వాటిని విడదీసేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

అప్పటినుంచి బాబాయ్ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఇస్త్రీ అయిన ప్రతి పేజీనీ వరసలో ఉందో లేదో తెలియడానికి పైకి చదివేవాడు. షాపు ఆయనది, నోరు ఆయనది, అడ్డుచెప్పేవారు లేరు. బట్టలకోసం వచ్చినవాళ్లు నిలబడి వినేవారు. బట్టలు చేతికొచ్చాక కూడా కదిలేవారు కాదు. అప్పుడు చదువుతున్నది ఒక నవల. సముద్రం మధ్య చిన్న దీవి, దాని మీద దీపస్తంభం. తండ్రి పోయాక దీపం వెలిగించే పని కూతురిమీద పడుతుంది. తమ్ముడు ఓడెక్కి వెళ్లిపోయాడు. ఆ పిల్ల రోజూ సాయంత్రం మెట్లెక్కి దీపం వెలిగించి తమ్ముడికోసం చూస్తుంటుంది. కథ అంతే, కానీ బాబాయ్ చదువుతుంటే మా వీధి చివర నిజంగానే సముద్రం ఉన్నట్టుండేది. ఒక్కో మాటా ఆగి ఆగి వచ్చేది కదా, తర్వాతి మాటకోసం జనం ఊపిరి బిగబట్టేవారు.

రెండో రోజుకి బల్లలొచ్చాయి. మర్నాటికి పెద్దమ్మ బేకరీ కాసేపు మూసేసి, చేతికున్న పిండి చేతికుండగానే వచ్చి కూర్చుంది.

ఒక సాయంత్రం కథ మంచి పట్టుమీదుంది. తుఫాను. దీపం ఆరిపోయింది. పిల్ల మెట్ల దగ్గర నిలబడి ఉంది. అంతలో గుమ్మంలో అత్తయ్య. అటక మీంచి తెచ్చిన పుస్తకాల ట్రే చేతుల్లో ఉంది. ఎంతసేపటినుంచి నిలబడిందో ఎవరూ చూసుకోలేదు. బాబాయ్ చూశాడు. చూసి ఠక్కున నోరు మూసేశాడు. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, బల్ల మీద లేని ముడతలు సర్దడం మొదలుపెట్టాడు. ఎవరూ కదల్లేదు. పెద్దమ్మ మాత్రం కొట్లాటకి సిద్ధంగా కొంగు బిగించింది.

అత్తయ్య ట్రే కింద పెట్టింది. అందరినీ ఎగాదిగా చూసింది.

“ఆపావేం?” అంది బాబాయ్‌తో. “ఆ పిల్ల మెట్లెక్కిందా లేదా?”

బాబాయ్ నమ్మలేనట్టు చూశాడు. “మీరు... ఈ పుస్తకం మీరు చదివే ఉంటారు కదక్కా.”

“చదివాను. వినలేదు.”

ఎవరో జరిగి బల్ల మీద చోటిచ్చారు. ఆవిడ కూర్చుంది. బాబాయ్ గొంతు సర్దుకుని మళ్లీ మొదలుపెట్టాడు. మొదట్లో కాస్త వణికింది. ఆ పిల్ల మెట్లెక్కేసరికి కుదుటపడింది.

ఆ మర్నాడు నవల చివరికొచ్చింది. తుఫాను వెలిసింది, దూరంగా ఓడ కనిపించింది, పడవొకటి ఒడ్డుకి వస్తోంది. బాబాయ్ తర్వాతి పేజీకోసం చెయ్యి చాచాడు. ట్రేలో ఉన్నది పేజీ కాదు, గుజ్జు. ఆఖరి నాలుగైదు పేజీలు కాలువ నీళ్లలో నాని ముద్దయిపోయాయి. ఆయన ఆ ముద్దని అటూ ఇటూ తిప్పి చూసి, తప్పు తనదే అయినట్టు మా వంక చూశాడు.

“అయ్యో, పడవలో ఎవరు?” అంది పెద్దమ్మ. “తమ్ముడు వచ్చాడా? ఎవరైనా చెప్పండర్రా, ఇవాళ నాకు నిద్ర పట్టదు!”

“అక్క చదివారుగా” అన్నాడు బాబాయ్ మెల్లిగా.

అందరూ అత్తయ్య వైపు తిరిగారు. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది, మళ్లీ పెట్టుకుంది. ఆ తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. గట్టిగా కాదు. కానీ ఫోన్‌లో ఎంతో దూరంలో ఉన్నవాళ్లకి చెబుతున్నట్టు, ప్రతి మాటా తేటగా. పడవ ఒడ్డుకి తగిలింది. గడ్డం పెరిగిన మనిషొకడు దిగాడు. పిల్ల గుర్తుపట్టలేదు. అతను ఇసకలో నడుస్తుంటే ఎడమకాలు కొంచెం ఈడ్చడం చూసింది. చిన్నప్పుడు మెట్ల మీంచి పడ్డ కాలు. అప్పుడు గుర్తుపట్టింది. పరిగెత్తలేదు. దీపం దగ్గరికి వెళ్లి, పట్టపగలే, వెలిగించింది.

పెద్దమ్మ పిండిచేత్తోనే కళ్లు తుడుచుకుంది. ముఖాన తెల్లటి చార పడింది. ఎవరూ నవ్వలేదు.

నేను మాత్రం నోరు మెదపకుండా కూర్చున్నాను. ఎందుకంటే ఆ నవల నేనూ చదివాను. అందులో పడవ వస్తుంది, దాంట్లో తమ్ముడు ఉండడు. చెబుతూ చెబుతూ మధ్యలో అత్తయ్య ఒక్కసారి నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను.

ఇంటికి వెళ్తూ దారిలో అడిగాను. “అత్తయ్యా, ఆ కథ అలా అవదు కదా.”

“అవదు.”

“మరి?”

“అన్ని రోజులుగా బురద ఎత్తి ఎత్తి వాళ్ల నడుములు విరిగిపోయాయే. ఆ పిల్లని ఒడ్డున ఒక్కదాన్నే నిలబెట్టి, ఇక ఇళ్లకి పొండని ఎలా అనను?” అంది. తర్వాత తనలో తను అనుకున్నట్టు, “ఎక్స్ఛేంజిలో చాలాసార్లు అనిపించేది. అవతలివాళ్లు పలకనప్పుడు, వీళ్లకి ఏదో ఒకటి చెప్పేద్దామని. రూలు ఒప్పుకునేది కాదు” అంది.

నెల తిరక్కుండా రీడింగ్ రూం మళ్లీ తెరిచాం. వడ్రంగి అరలన్నీ నడుమెత్తు పైనుంచి మొదలయ్యేలా బిగించాడు. సగానికి పైగా పుస్తకాలు బతికాయి. కొన్నిటికి అట్టలు లేవు, కొన్ని విసనకర్రల్లా విచ్చుకుపోయాయి. అన్నీ రొట్టె వాసన వేసేవి. తెరిచిన రోజు అత్తయ్య అందరి ముందూ బాబాయ్‌ని పిలిచింది.

“రోజూ సాయంత్రం దీపాలు పెట్టాక ఒక గంట నువ్వు పైకి చదవాలి” అంది. “ఆ టైములో ఎవరైనా నిశ్శబ్దంగా ఉండాలన్నారో, వాళ్లని నేను బయటికి పంపిస్తా.”

అదే ఆవిడ క్షమాపణ. బాబాయ్‌కి అర్థమైంది. “మీరు పక్కన కూర్చోవాలి మరి” అన్నాడు. “పేజీలు లేని చోట మీరే చెప్పాలిగా.”

ఆ మరుసటి ఏడు నాకు వేరే ఊళ్లో ఉద్యోగమొచ్చింది. వెళ్లిపోయాను. అక్కడి లైబ్రరీ పెద్దది, చల్లగా, అద్దాలతో ఉంటుంది. పుస్తకం తీసుకున్నా ఇచ్చినా మనిషితో మాట్లాడే పని లేదు. సెలవులకి వచ్చినప్పుడల్లా సాయంత్రం ఆ గంటకి వెళ్లేదాన్ని. బాబాయ్ చదువులో తడబాటు ఏటేటా తగ్గింది. నిజం చెప్పొద్దూ, అది తగ్గినందుకు నాకు కొంచెం బెంగగా ఉండేది. ఆయన పోయిన రోజు వీధంతా షట్టర్లు దించారు. సాయంత్రం మాత్రం అత్తయ్య వెళ్లి రూం తలుపు తీసి, ఆయన సగంలో ఆపిన పుస్తకాన్ని ఆపిన చోటినుంచే చదివిందట. నేను ఊళ్లో లేను. నాన్న ఫోన్‌లో చెప్పాడు.

ఇప్పుడు అత్తయ్యా లేదు, పెద్దమ్మా లేదు. మా స్టూడియో ఉన్న చోట మందుల షాపుంది. లాండ్రీలో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. మొన్న పనిమీద ఆ ఊరు వెళ్లి, బస్సుకి ఇంకా టైముందని వాలు దిగి కాలువ దాకా నడిచాను. గోడౌన్ తలుపు తీసే ఉంది. వంతుల బోర్డు మీద మందుల షాపు పేరూ ఉంది, సెల్‌ఫోన్ షాపు పేరూ ఉంది. లోపల ఒకమ్మాయి పైకి చదువుతోంది. ఎవరో నాకు తెలియదు, నేనెవరో వాళ్లకి తెలియదు. వెనకబల్ల మీద కూర్చున్న ఆయన నన్ను చూసి, పెదవుల మీద వేలు పెట్టి, జరిగి చోటిచ్చాడు. ఆ బస్సు తప్పిపోయింది. తర్వాతి బస్సుకి వెళ్లాను.