పదకొండు గంటల సైరన్

పసుపుగుంటలో జ్ఞానాంబ సినిమాలో వేసిందన్న సంగతి తెలియనివాళ్ళు ఎవరూ లేరు. నమ్మినవాళ్ళు కూడా ఎవరూ లేరు.

ఊరు కుప్పానికి బస్సులో ముప్పావు గంట. ఒకప్పుడు అక్కడ బంగారు గని ఉండేది. ఇప్పుడు మిగిలింది గని వదిలిపోయిన సామాను. ఇనుప స్తంభాల గోపురం, దాని నెత్తిన తిరగని చక్రం, పెచ్చులూడిన క్వార్టర్లు, రాయి నూరి బంగారం తీసుకున్నాక మిగిలిన పిండిని పోసి పోసి కొండంత చేసిన తెల్లదిబ్బ. ఆ దిబ్బ మీద గడ్డి మొలవదు గానీ సినిమావాళ్ళకు అదంటే ప్రాణం. ఒక కంపెనీ వచ్చి దాన్ని ఎడారి అంది, ఒంటెను తెచ్చి నడిపించింది. ఇంకో కంపెనీ మంచుకొండ అంది. మే నెల ఎండలో ఆ హీరోయిన్ పిల్ల శాలువా కప్పుకుని గడగడ వణికింది, వణకడం అయిపోగానే గొడుగు కిందికి పరిగెత్తింది. దిబ్బ మాత్రం ఎవరేమన్నా అనిపించుకుని ఊరుకుంది.

జ్ఞానాంబ కథ వీటన్నిటికంటే ముందుది, గని నడుస్తున్న రోజులది. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్ళు, మునివెంకటప్పతో పెళ్ళయి మూడేళ్ళు. మద్రాసు నుంచి ఒక కంపెనీ వచ్చి, గేటు ముందు గుంపులో నిలబడడానికి కార్మికుల ఇళ్ళ ఆడవాళ్ళు కావాలంది. పన్నెండు మంది పోయారు. మేకప్పు మనిషి అందరి మొహాలకూ చేతులకూ రోజారంగు పౌడరు దట్టించాడు. జ్ఞానాంబది కోలమొహం అని ముందు వరుసలో నిలబెట్టారు. కెమెరా తిరిగింది. సరిగ్గా అప్పుడు పదకొండు గంటల సైరన్ మోగింది.

ఆ సైరన్ సంగతి కొంచెం చెప్పాలి. పొద్దున ఆరింటికి గనిలోకి దిగినవాళ్ళకు పదకొండింటికి అన్నం. ఆడవాళ్ళు ఇంటి నుంచి క్యారియర్లు తెచ్చి, గనిలోకి దిగే గుంత దగ్గర ఇవ్వాలి. ఒక్కో క్యారియరుకు ఆ ఇంటాయన నంబరు బిళ్ళ కట్టి ఉంటుంది. సైరన్ మోగిన ఐదు నిమిషాలకు ఇనుప బోను ఆ క్యారియర్లను వేసుకుని కిందికి దిగిపోతుంది. అందిందా సరి. అందలేదా, ఆ మనిషి షిఫ్టు ముగిసేదాకా భూమి కడుపులో తన కడుపు మాడ్చుకోవాలి. అందుకని ఆ కూత వింటే పొయ్యి మీద పాలు పొంగుతున్నా, చంకలో పిల్ల ఏడుస్తున్నా, పసుపుగుంట ఆడవాళ్ళ కాళ్ళు గుంత వైపు తిరిగేవి.

ఆ రోజూ తిరిగాయి. గోడ వారన పెట్టుకున్న క్యారియర్లు ఎత్తుకుని పన్నెండు మందీ కెమెరా ముందు నుంచి వెళ్ళిపోయారు. మద్రాసు డైరెక్టరు గొంతు చించుకున్నాడు. వీళ్ళు క్యారియర్లు అందించి, చెమట తుడుచుకుని, మళ్ళీ నిలబడదామని తీరిగ్గా వచ్చేసరికి కంపెనీ సామాను లారీకెక్కింది.

సినిమా కుప్పానికి వచ్చినప్పుడు జ్ఞానాంబ మూడుసార్లు చూసింది. గేటు కనిపించింది. గేటు మీద వాలిన కాకి కూడా కనిపించింది. జ్ఞానాంబ కనిపించలేదు.

గని మూతపడ్డాక ఆ పన్నెండు మందిలో ఇద్దరు చనిపోయారు, జ్ఞానాంబ తప్ప తక్కినవాళ్ళు బెంగళూరు పక్కకు వలసపోయారు. సాక్ష్యం చెప్పే మనిషి లేకుండా పోయింది. మద్రాసు కంపెనీ వచ్చిన ఏడు వి.కోటలో కాపురం ఉండి, తర్వాత ఊరికి చేరిన ఆడబిడ్డ దేవకమ్మకు అది పండగైంది. పెళ్ళి పందిట్లో కానీ, కొళాయి దగ్గర కానీ, కొత్త మనిషి కనిపిస్తే చాలు, "మా వదిన సినిమా యాక్టరు. నిదానంగా మాట్లాడండి" అనేది. జనం నవ్వేవాళ్ళు. జ్ఞానాంబ కూడా నవ్వేది. నవ్వి, ఇంటికొచ్చి, చాటలో బియ్యం కొంచెం గట్టిగా చెరిగేది. ఆమెకు పెద్ద కోరికలేమీ లేవు. ఒక్కసారి, ఒక్క నిమిషం, ఆ తెర మీద తన మొహం పడాలి. దాన్ని దేవకమ్మ చూడాలి.

పోయిన మాఘమాసంలో కోమలి అనే పిల్ల ఊళ్ళోకి దిగింది. నగరి పిల్ల, మెళ్ళో తాడుకు కార్డు, చేతిలో అట్ట. అసిస్టెంటు డైరెక్టరు. గని రోజుల కథతో సినిమా తీస్తున్నారట, ఇంటింటికీ తిరిగి పెద్దవాళ్ళను అడుగుతోంది.

"పాటలంతా తలకోన నీళ్ళకాడ, హార్స్‌లీ కొండల మీద తీసేసినాం అవ్వా. కథకి మాత్రం మీ ఊరే," అంది కోమలి.

"అట్లనా. సల్లగుండే తావుల్లో మీ హీరో ఎగిరినాడు, మాడే తావులో మేం నిలబడాల," అంది జ్ఞానాంబ.

కోమలి నవ్వింది. అట్ట మీద ఏదో రాసుకుంది. సాయంత్రానికి డైరెక్టరు బాలచంద్రే ఇంటికొచ్చాడు. మదనపల్లె అబ్బాయి, ముప్పై దాటి ఉండవు, గడప బయటే చెప్పులు విడిచాడు.

"సీను ఇదవ్వా. గని మూసేస్తామని చెప్పినారు. ఆడవాళ్ళంతా క్యారియర్లు పట్టుకుని గేటు ముందర నిలబడినారు. ఆఫీసరు పొమ్మంటాడు. అప్పుడు మీరు ఒకే మాట అనాల. 'మేమీడ నుంచి కదలం సార్.' అంతే. ఆమీద సైరన్ మోగుతుంది, అయినా ఒక్కరు కూడా కదలరు. అదే సీనుకు ప్రాణం."

"మొగం కనపడతాదా నాయనా?"

"తెర నిండా మీ మొగమే."

జ్ఞానాంబ ఆ నాలుగు రోజులూ ఆ ఒక్క మాటను మేకకు చెప్పింది, చింతచెట్టుకు చెప్పింది, స్నానం చేస్తూ చెప్పుకుంది. మునివెంకటప్ప వసారాలో చుట్ట కాల్చుకుంటూ, "కాఫీ పెట్టే" అంటే, "మేమీడ నుంచి కదలం సార్" అని వినిపించేది వంటింట్లోంచి.

"సరే, నేనే పెట్టుకుంటాలే," అని లేచేవాడు.

షూటింగు రోజు పద్దెనిమిది మంది ఆడవాళ్ళు గేటు ముందర నిలబడ్డారు. దేవకమ్మ కూడా ఉంది. వదిన నిలబడే చోట తాను లేకపోతే రేపు చెప్పుకోవడానికి ఏమీ ఉండదని వచ్చింది. అందరి మొహాలకూ చేతులకూ రోజారంగు పౌడరు పడింది. అందరికీ పాతకాలపు క్యారియర్లు ఇచ్చారు, ఖాళీవి. జ్ఞానాంబకు మాత్రం ఖాళీ క్యారియరు పట్టుకోవడం చేతకాలేదు. చేయి దేన్ని మోస్తోందో దానికే తెలియడం లేదు, ఊరికే ఊగుతోంది. పోయి ఇంట్లోంచి రాగిసంగటి, అనపగింజల పులుసు, మామిడి ఊరగాయ సర్దుకుని వచ్చింది.

"ఎవురికి వదినా అంత కూడు? హీరోకా?" అంది దేవకమ్మ.

"నీ నోట్లో కుక్కేదానికి."

రెండుసార్లు ఊరికే నడిపించి చూశారు. జ్ఞానాంబ మాట చెప్పింది. గొంతు వణకలేదు. బాలచంద్ర బొటనవేలు ఎత్తి చూపించాడు.

ఇక అసలుది. కెమెరా తిరిగింది. ఆఫీసరు వేషగాడు వేలు చూపించి పొమ్మన్నాడు. జ్ఞానాంబ అడుగు ముందుకు వేసి, అతని కళ్ళల్లోకి చూసి, "మేమీడ నుంచి కదలం సార్" అంది.

అప్పుడు సైరన్ మోగింది.

టేపులో పెట్టిన చప్పుడు కాదు అది. గోపురం పక్కన తుప్పు పట్టి ఉన్న పాతదాన్నే కంపెనీవాళ్ళు మనిషిని పెట్టి బాగు చేయించారు. ఇరవై ఏళ్ళు దాటి నోరు తెరవనిది, ముందు దగ్గినట్టు దగ్గి, తర్వాత గొంతు సవరించుకుని, తెల్లదిబ్బకు తగిలి తిరిగొచ్చేలా కూసింది. ఆ కూత జ్ఞానాంబ చెవికి తెలియక ముందే కాళ్ళకు తెలిసింది. కొంగు నడుముకు దోపుకుంది. క్యారియరు ఎడమ చేతికి మార్చుకుంది. తిరిగింది. నడిచింది. వెనక పదిహేడు మందీ నడిచారు. "కదలం" అన్న మాట ఇంకా గాల్లో ఉండగానే గేటు ముందర ఆఫీసరు వేషగాడు ఒక్కడే మిగిలాడు, వేలు ఇంకా చూపిస్తూనే.

గుంత దగ్గరికి చేరాక గానీ ఆమెకు తెలివి రాలేదు. బోను లేదు. గుంత నోటికి కాంక్రీటు మూత వేసి ఉంది. ఆ మూత మీద, గోపురం నీడలో, ఎండ తగలని చోటు చూసుకుని మునివెంకటప్ప కూర్చుని ఉన్నాడు. షూటింగు దూరం నుంచే చూస్తానని పొద్దుననే వచ్చి కూర్చున్నాడు.

జ్ఞానాంబ నిలబడిపోయింది. "అయిపాయె. మళ్ళా చెడగొట్టినాను," అంది.

మునివెంకటప్ప క్యారియరు అందుకున్నాడు. మూత తీయకుండా దాన్ని వెలుతురుకు తిప్పి చూశాడు. స్టీలు మూత మీద రోజారంగు పౌడరు, ఐదు వేళ్ళ గుర్తులు.

"ఆ పొద్దు కూడా ఇట్లనే వచ్చినాయి," అన్నాడు.

"ఏవి?"

"వేళ్ళు. గని అడుగున దీపం కింద చూసినాను. మూత మీద రోజారంగు. మాతో ఉండే ఓబయ్య కూడా చూసినాడు. నీ పెండ్లాం పౌడరు పూసుకుని యాడికి పోయిందిరా అని షిఫ్టంతా నన్ను సంపినాడు."

జ్ఞానాంబ నడుం మీద చేతులు పెట్టుకుంది. "అంటే నీకు తెలుసు. నలభై ఏళ్ళుగా తెలుసు. నీ చెల్లెలు ఊరూరా నన్ను ఎగతాళి పట్టిస్తా ఉంటే నోరు మెదపకుండా కూచున్నావు."

"చెప్పేస్తే నువ్వు ఆ కథ చెప్పేది మానేస్తావు. ఏటా కొత్తగా చెప్తావు. ఒక ఏడు ముందు వరసలో నిలబడినావు, ఒక ఏడు హీరో పక్కన నిలబడినావు. అది ఇనకుంటే నాకు పొద్దు పోదు." అని మూత తీశాడు. "అనపగింజలా. ఉప్పు సరిపోయిందా?"

కొట్టాలో నవ్వాలో తెలియక జ్ఞానాంబ అతని పక్కన కూలబడింది. నవ్వే ముందొచ్చింది. వెనకే వచ్చిన ఆడవాళ్ళూ నవ్వారు. దేవకమ్మ మాత్రం, "మా అన్న పెండ్లానికి తాళమేస్తా ఉండాడు. ఈ సాక్ష్యం చెల్లదు," అంది, కానీ వేలితో మూత మీది పౌడరును ముట్టుకుని చూసుకుంది.

అంతలో బాలచంద్ర, కోమలి రొప్పుతూ వచ్చారు. జ్ఞానాంబ లేచి, "నాయనా, కాళ్ళు పోయినాయి, నేను పోలేదు," అని చెప్పుకుంది. ఆ అబ్బాయి కోప్పడలేదు. మూత మీద కూర్చున్న ముసలాయన్ను, సంగటి ముద్దను చూస్తూ, "ఆ సైరన్‌కు మీరు ఏం చేసేవాళ్ళు అవ్వా?" అని అడిగాడు. చెప్పింది. అంతా విని, ఇంకోసారి తీద్దామన్నాడు. తీశారు కూడా, నాలుగుసార్లు, సైరన్ లేకుండా. కానీ జ్ఞానాంబ "కదలం" అనే చోటికి వచ్చేసరికి దేవకమ్మకు నవ్వు ఆగలేదు. ఆమెను చూసి పక్కావిడకు, ఆవిడను చూసి ఆఫీసరు వేషగాడికి. పొద్దు వాలింది. కంపెనీ సర్దుకుంది.

ఏది ఉంటుందో ఏది పోతుందో ఎవరూ చెప్పలేదు. "ఉండేట్టు చూస్తానవ్వా," అని కోమలి మాత్రం చేయి పట్టుకుని చెప్పింది.

వినాయక చవితి దాటాక సినిమా కుప్పానికి వచ్చింది. పసుపుగుంట నుంచి రెండు ఆటోలు నిండా పోయారు. వరుసగా కూర్చున్నారు, జ్ఞానాంబకు ఒక పక్క మునివెంకటప్ప, ఇంకో పక్క దేవకమ్మ. తలకోన నీళ్ళు దూకాయి, హార్స్‌లీ కొండల మీద మబ్బులు పోయాయి, హీరో ఎగిరాడు. తెల్లదిబ్బ వచ్చినప్పుడు వరుసంతా చప్పట్లు కొట్టింది. ఈసారి దాన్ని దిబ్బగానే చూపించారు.

తర్వాత గేటు వచ్చింది. ఆఫీసరు వేలు చూపించాడు. "కదలం" అన్న మాట రాలేదు. మొహమూ రాలేదు. తెర మీద సైరన్ కూసింది, ఆ పెద్ద పెద్ద స్పీకర్లలోంచి హాలు అదిరేలా కూసింది. తెర నిండా ఒక వీపు. నడుముకు దోపిన కొంగు, ఎడమ చేతిలో ఊగని క్యారియరు, లోపల బరువుందని తెలిసే నడక. దానికి అటూ ఇటూ ఇంకో పదిహేడు వీపులు. పాట లేదు, మాట లేదు. వాళ్ళు గుంత దాకా నడిచేంతసేపూ చూపించారు.

హాల్లో వెనక వరుస నుంచి ఒకాయన అరిచాడు. "ఎవురమ్మా అది, కూర్చోండి. తెర కనపడల్యా."

అప్పుడు చూసుకుంది జ్ఞానాంబ. సైరన్‌కు తాను లేచి నిలబడి ఉంది. తాను ఒక్కతే కాదు, పసుపుగుంట వరుసలో ఆడవాళ్ళంతా నిలబడే ఉన్నారు, చేతిసంచులతో సహా. సిగ్గుపడి కూర్చోబోయింది. దేవకమ్మ ఆమె చేయి పట్టుకుని కూర్చోనివ్వలేదు. వెనక్కి తిరిగి, హాలంతా వినిపించే గొంతుతో చెప్పింది.

"ఆడ నడిచేది ఈమెనే అబ్బా. మా వదిన. నిలబడనీ."

వెనకాయన తెర వైపు చూశాడు, జ్ఞానాంబ వీపు వైపు చూశాడు, మళ్ళీ తెర వైపు చూశాడు. "సరే, నిలబడండి," అన్నాడు.