ఐలేశం వేగం

దేవరకొండ జట్టుకు ఇరవై ఏళ్లుగా బౌలింగ్ చేసిన ఐలేశం ఆటకు సెలవు చెప్తున్న రోజది. ఇంత వేగంగా బంతి వేసినవాడు జిల్లాలోనే లేడని వేదిక మీద అందరూ పొగిడారు. చివరికి తిరుమలగిరి జట్టు పాత బ్యాట్స్‌మన్ బాలకృష్ణ మైకు అందుకుని నల్ల కళ్లద్దాలు తీశాడు. ఎడమ కన్ను లేదు. కుర్రతనంలో ఐలేశం బంతి తగిలింది అక్కడే.

"కన్ను నయమైందని కబురు పంపితివి గద తమ్మీ!" అన్నాడు ఐలేశం.

"కన్ను పోయిందని చెప్తే నువ్వు మళ్ల గంత జోరుగ వేసెటోనివా అన్నా? నీ ఆట ఆగొద్దనుకున్న."

ఐలేశం వేదిక మెట్ల మీదే కూలబడ్డాడు. సాయంత్రం వీడ్కోలు మ్యాచ్‌లో ఎంతమంది బతిమాలినా బంతి ముట్టలేదు. బాలకృష్ణకు పక్కనే కూర్చుని, అతని చేయి వదలకుండా ఆట చూశాడు.